వైరాగ్యం నుంచి విజ్ఞానశాలకు: వివేకానంద – టాటా సంబంధంపై ఒక చారిత్రక పరిశీలన

ప్రస్తావన

ఆధునిక భారతదేశ చరిత్రలో ఆధ్యాత్మిక నాయకత్వానికీ పారిశ్రామిక, వైజ్ఞానిక వికాసానికీ ఉన్న సంబంధాన్ని చెప్పవలసి వచ్చినప్పుడు స్వామి వివేకానంద (1863–1902), జంషెడ్‌జీ నస్సర్వాన్‌జీ టాటా (1839–1904)ల పరిచయాన్ని ఉదాహరించడం పరిపాటి. 1893లో ఇద్దరూ ఒకే ఓడలో ప్రయాణించారనీ, స్వామి చెప్పిన మాటలు విని టాటా ఉక్కు కర్మాగారానికీ బెంగళూరులోని విజ్ఞాన సంస్థకూ సంకల్పించాడనీ ప్రసంగాల్లోనూ జీవితచరిత్రల్లోనూ తరచుగా వినిపిస్తుంది. వినడానికి ఇంపుగా ఉండే ఈ కథనం రెండు వేర్వేరు విషయాలను ఒకే ముడి వేస్తుంది. దానివల్ల టాటా తన సొంత బుద్ధితో, దశాబ్దాల పరిశ్రమతో సాధించినది మరుగున పడుతుంది. వివేకానందుడు నిజంగా ఇచ్చినదేమిటో కూడా మరుగున పడుతుంది.

లభిస్తున్న లేఖలను, కాలక్రమాన్ని దగ్గర పెట్టుకొని ఆ ముడిని విప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. పరిశ్రమల స్థాపన విషయంలో వివేకానందుడి ప్రభావాన్ని నిరూపించే ఆధారాలు బలహీనమైనవి. వైజ్ఞానిక విద్య విషయంలో మాత్రం ఒక నిర్దిష్టమైన ఆలోచన ఆయన నుంచి టాటాకు చేరిందనడానికి టాటా స్వహస్తలేఖే సాక్ష్యం. పరిశోధనకు జీవితాన్ని అంకితం చేయగల మనుషులు ఈ దేశంలో ఎక్కడి నుంచి వస్తారన్న ప్రశ్నకు సమాధానం ఆ ఆలోచన. సంస్థ రూపుదిద్దుకొనే క్రమంలో ఆ సమాధానం క్రమంగా జారిపోయిన తీరు కూడా పరిశీలించదగినది.

1893: రెండు ప్రయాణాలు

1893 ఫిబ్రవరిలో వివేకానందుడు హైదరాబాదుకు వచ్చాడు. ఆ నెల 13న సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో తన పాశ్చాత్య యాత్ర లక్ష్యం గురించి ఉపన్యసించాడు. మే 31న బొంబాయిలో ఓడ ఎక్కి కొలంబో, సింగపూర్, హాంకాంగ్‌ల మీదుగా జపాను చేరుకొన్నాడు. జులై 10న యొకొహామా నుంచి మద్రాసులోని తన శిష్యులకు రాసిన లేఖ ఈ చర్చకు ముఖ్యమైన ఆధారం. జపాను వారి అగ్గిపెట్టెల కర్మాగారాలు చూసి తీరవలసినవని, తమకు కావలసిన ప్రతి వస్తువునూ తమ దేశంలోనే తయారు చేసుకోవాలన్న పట్టుదల వారిలో ఉందని ఆయన ఆ లేఖలో రాశాడు. భారతీయ యువకులు వచ్చి ఆ దేశాన్ని చూడాలని కోరాడు. అంటే స్వదేశీ పారిశ్రామిక ఉత్పత్తి గురించిన ఆలోచన టాటాతో ఓడలో గడిపిన రోజులకు ముందే ఆయన మనసులో ఉంది.

అదే కాలంలో టాటా జపానులో ఉన్నది వేరే పనిమీద. భారతదేశం నుంచి తూర్పు దేశాలకు పోయే నూలు, పత్తి రవాణా మీద ఒక బ్రిటిష్ నౌకా సంస్థ ఆధిపత్యం సాగిస్తూ అధిక కిరాయి వసూలు చేస్తుండేది. దానికి పోటీగా జపాను నౌకాసంస్థ నిప్పన్ యూసెన్ కైషాతో కలిసి బొంబాయి – కోబే మార్గంలో ఓడలు నడిపే ఏర్పాటు చేయడం టాటా ప్రయత్నం. జులై 14న యొకొహామాలో బయలుదేరిన ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ ఓడలో వివేకానందుడు 25న వాంకూవర్ చేరాడు. జపాను నుంచి చికాగో వైపు సాగిన ఈ ప్రయాణంలోనే టాటా ఆయనకు సహయాత్రికుడు. ఒకరు చికాగో సర్వమత సభకు వెళుతున్న ముప్పయ్యేళ్ల సన్న్యాసి, మరొకరు యాభై నాలుగేళ్ల పార్సీ వ్యాపారి. ఇద్దరూ జపానును చూసి ఒకే రకమైన పాఠం నేర్చుకొని ఓడ ఎక్కారు.

ఆ సుమారు పది రోజుల ప్రయాణంలో వారి మధ్య జరిగిన సంభాషణను అప్పటికప్పుడు ఎవరూ నమోదు చేయలేదు. జపాను నుంచి అగ్గిపెట్టెలు దిగుమతి చేసుకొనే బదులు స్వదేశంలోనే కర్మాగారం పెడితే నలుగురికీ ఉపాధి దొరుకుతుందని స్వామి టాటాతో అన్నట్లు ఆయన తమ్ముడు మహేంద్రనాథ్ దత్తు తరువాతి కాలంలో రాసిన జ్ఞాపకాల ద్వారా ప్రచారంలోకి వచ్చింది. యొకొహామా లేఖలోని భావానికి ఈ మాట సరిపోతుంది. కాబట్టి అది అసంభవమేమీ కాదు. అయితే స్మృతి మీద ఆధారపడిన కథనానికీ సమకాలిక లేఖకూ సాక్ష్యబలంలో ఉన్న తేడాను పరిశోధకులు విస్మరించరాదు.

ఉక్కు పరిశ్రమ: కాలక్రమం చెప్పేది

వివేకానందుడిని కలిసే నాటికే టాటా పారిశ్రామిక సంకల్పాలు చాలావరకు స్థిరపడ్డాయి. నాగపూరులో ఎంప్రెస్ మిల్లు 1877 జనవరి 1న ప్రారంభమైంది. మధ్యపరగణాలలోని చాందా జిల్లా ఇనుప ఖనిజం గురించి జర్మన్ నిపుణుడు రిట్టర్ ఫాన్ ష్వార్ట్స్ ఇచ్చిన నివేదికను టాటా 1882లో చదివాడు. ఇనుము, ఉక్కు మీద ఆయన ఆసక్తికి అదే మొదలు. అప్పటికి వివేకానందుడు కలకత్తాలో చదువుకొంటున్న నరేంద్రనాథ్ దత్తు మాత్రమే.

తరువాతి దశలూ ఇలాగే ఉన్నాయి. 1902లో టాటా అమెరికా వెళ్లి ఉక్కు నిపుణులను సంప్రదించాడు. ఆ ఏడాది జులై 4న వివేకానందుడు మరణించాడు. మయూర్‌భంజ్ సంస్థానంలో మేలైన ఇనుప ఖనిజం ఉందని భూగర్భ శాస్త్రవేత్త ప్రమథనాథ్ బోస్ టాటాకు లేఖ రాసినది 1904 ఫిబ్రవరి 24న. సాక్చిలో, అంటే నేటి జమ్‌షెడ్‌పూర్‌లో, కర్మాగారం వెలియడానికి దారితీసిన సమాచారం అది. టాటా ఉక్కు కంపెనీ 1907లో నమోదైంది. 1912లో తొలి ఉక్కు తయారైంది. అందువల్ల ఉక్కు కర్మాగారం స్వామి ఉపదేశ ఫలమన్న ప్రచారం కాలక్రమానికి నిలవదు. టాటాను ఆ మార్గంలో నడిపించినవి భూగర్భ నివేదికలు, గనుల చట్టాల్లో వచ్చిన మార్పులు, నిపుణుల సలహాలు, ఇరవై ఏళ్లకు పైబడిన ఓర్పు.

వైజ్ఞానిక విద్య పట్ల టాటా ఆసక్తికి కూడా 1893కు పూర్వ చరిత్ర ఉంది. 1889లో బొంబాయి విశ్వవిద్యాలయ కులపతి హోదాలో గవర్నర్ లార్డ్ రే చేసిన ప్రసంగం ఆయనను ఆలోచింపజేసింది. పరీక్షలు నిర్వహించి పట్టాలిచ్చే సంస్థలుగా మాత్రమే ఉన్న భారతీయ విశ్వవిద్యాలయాల పరిమితిని ఆ ప్రసంగం ఎత్తిచూపింది. 1892లో విదేశాల్లో ఉన్నత విద్యకు వెళ్లే విద్యార్థుల కోసం టాటా ఒక ధర్మనిధిని నెలకొల్పాడు. మరి వివేకానందుడి నుంచి ఆయన గ్రహించినదేమిటి? దానికి సమాధానం అయిదేళ్ల తరువాత రాసిన ఒక లేఖలో ఉంది.

1898 నవంబరు 23 నాటి లేఖ

1898 సెప్టెంబరులో టాటా సుమారు 30 లక్షల రూపాయల విలువైన ఆస్తిని ఒక పరిశోధన సంస్థ కోసం ఇస్తానని ప్రకటించాడు. ఆయన అనుచరుడు బర్జోర్జీ పాద్షా ఐరోపా, అమెరికాల్లోని విశ్వవిద్యాలయాలను పరిశీలించి వచ్చి ప్రణాళిక సిద్ధం చేశాడు. ఈ సన్నాహాల నడుమ, నవంబరు 23న, బొంబాయిలోని ఎస్ప్లనేడ్ హౌస్ నుంచి టాటా వివేకానందుడికి లేఖ రాశాడు.

జపాను నుంచి చికాగో ప్రయాణంలో తాను సహయాత్రికుడినని గుర్తు చేస్తూ లేఖ మొదలవుతుంది. భారతదేశంలో పెరుగుతున్న వైరాగ్య ప్రవృత్తి గురించీ, దాన్ని నాశనం చేయకుండా ఉపయోగకరమైన మార్గాల్లోకి మళ్లించవలసిన బాధ్యత గురించీ స్వామి చెప్పిన అభిప్రాయాలు తనకు ఇప్పుడు జ్ఞప్తికి వస్తున్నాయని టాటా రాశాడు. ఆ ప్రవృత్తి గల వారి కోసం మఠాలు లేదా నివాసశాలలు ఏర్పాటు చేసి, వారు సాధారణమైన గౌరవప్రద జీవితం గడుపుతూ ప్రకృతి శాస్త్రాలకూ మానవీయ శాస్త్రాలకూ తమ జీవితాన్ని అర్పించేలా చేయడం కంటే మంచి వినియోగం లేదని అభిప్రాయపడ్డాడు. సమర్థుడైన నాయకుడు ఇటువంటి ఉద్యమం నడిపితే సన్న్యాసానికీ, శాస్త్రానికీ, దేశ ప్రతిష్ఠకూ మేలు జరుగుతుందని, ఆ నాయకత్వానికి వివేకానందుడే తగినవాడని సూచించాడు. ప్రజలను మేల్కొలిపే కరపత్రం ఒకటి రాయమని కోరి, దాని ముద్రణ ఖర్చు తానే భరిస్తానన్నాడు.

ఈ లేఖను రెండు జాగ్రత్తలతో చదవాలి. మొదటిది, వివేకానందుడి మాటలు ఇందులో టాటా జ్ఞాపకం ద్వారా, టాటా అవసరం ద్వారా మనకు చేరుతున్నాయి. రెండవది, సంస్థను స్థాపించమని స్వామి సలహా ఇచ్చినట్లు ఈ లేఖలో లేదు. టాటా ఆయనకు ఆపాదించినది ఒకే ఒక ఆలోచన: వైరాగ్యాన్ని అణచవద్దు, మళ్లించు. సంస్థ గురించిన సంకల్పం టాటాది. ఆ సంకల్పానికి కావలసిన మానవవనరు ఎక్కడుందో చూపినది స్వామి ఆలోచన.

ఆనాటి పరిస్థితిలో ఈ ప్రశ్న ఎంత తీవ్రమైనదో కలకత్తా అనుభవం తెలుపుతుంది. డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ 1876లోనే అక్కడ భారతీయ వైజ్ఞానిక పరిశోధన సంఘాన్ని స్థాపించాడు. శ్రీరామకృష్ణుడి చివరి రోజుల్లో, 1885–86లో, ఆయనకు వైద్యం చేసినది ఈ సర్కారే. యువకుడైన నరేంద్రుడికి ఆ విధంగా విజ్ఞానోద్యమ నాయకుడొకరు దగ్గరగా తెలుసు. సంఘానికి భవనమూ, ఉపకరణాలూ సమకూరాయి. తొలి దశాబ్దాల్లో అది ప్రధానంగా ఉపన్యాసాల వేదికగానే నడిచింది. 1907లో సి.వి. రామన్ అక్కడ ప్రయోగాలు మొదలుపెట్టిన తరువాతే అది పరిశోధన కేంద్రంగా ప్రసిద్ధికెక్కింది. ప్రయోగశాల కట్టడం డబ్బుతో అయ్యే పని. అందులో జీవితకాలం కూర్చునే మనిషిని తయారు చేయడం డబ్బుతో మాత్రమే అయ్యేది కాదు. ప్రభుత్వోద్యోగమూ న్యాయవాద వృత్తీ చదువుకొన్న యువకుల పరమార్థాలుగా ఉన్న కాలంలో, సంపాదనను వదులుకోవడాన్ని గౌరవించే ఏకైక దేశీయ సంప్రదాయం సన్న్యాసమే. టాటా పట్టుకొన్నది ఈ కీలకాన్ని.

మైసూరు లేఖ: అదే సూత్రం, మరో దిశ

టాటా జ్ఞాపకం నమ్మదగినదేనా అన్న సందేహాన్ని వివేకానందుడి స్వంత లేఖ ఒకటి తీరుస్తుంది. 1894 జూన్ 23న చికాగో నుంచి మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరుకు రాసిన లేఖలో ఆయన ఇదే సూత్రాన్ని ప్రతిపాదించాడు. ఊరూరా తిరిగి ధర్మం బోధించే నిస్వార్థ సన్న్యాసులు దేశంలో వేల సంఖ్యలో ఉన్నారు. వారిలో కొందరిని లౌకిక విద్యలు బోధించేవారిగా కూడా తీర్చిదిద్దితే, సాయంవేళ కెమెరా, గ్లోబు, పటాలు తీసుకొని గ్రామానికి వెళ్లి ఖగోళ, భూగోళ విషయాలను నిరక్షరాస్యులకు నేర్పగలరని ఆ లేఖ సారాంశం. బడికి రాలేని పేదవాడి దగ్గరకు చదువే వెళ్లాలన్నది దాని వెనుక ఉన్న తర్కం.

ఈ రెండు లేఖలను పక్కపక్కన పెట్టి చూస్తే సూత్రం ఒకటే అయినా దిశలు వేరని తెలుస్తుంది. వివేకానందుడి సన్న్యాసి పల్లెకు నడిచి వెళతాడు. తెలిసిన జ్ఞానాన్ని తెలియని వారికి పంచుతాడు. టాటా ఊహించిన సన్న్యాసి నివాసశాలలో స్థిరంగా ఉంటాడు. ఇంకా ఎవరికీ తెలియని జ్ఞానాన్ని వెతుకుతాడు. మొదటిది ప్రజావిద్య, రెండవది ఉన్నత పరిశోధన. ప్రభావం అనే మాటకు అనుకరణ అని అర్థం చెప్పుకొంటే ఈ తేడా కనిపించదు. టాటా ఆ సూత్రాన్ని స్వీకరించి తన ప్రశ్నకు అనువుగా పునర్నిర్మించుకొన్నాడు.

స్పందన, మద్దతు

ఈ లేఖకు వివేకానందుడు రాసిన ప్రత్యుత్తరం వెలుగులోకి రాలేదు. ఆ రోజుల్లో ఆయన సొంత సంస్థా నిర్మాణంలో తలమునకలై ఉన్నాడు. 1897 మే 1న రామకృష్ణ మిషన్ ఏర్పడింది. 1898 నవంబరులో కలకత్తాలో నివేదిత బాలికా పాఠశాల తెరుచుకొంది. డిసెంబరులో బేలూరు మఠ ప్రతిష్ఠ జరిగింది. ఆరోగ్యం కూడా అప్పటికే దెబ్బతింది. టాటా కోరిన నాయకత్వం ఆయన స్వీకరించలేదన్నది స్పష్టం.

అయినా ఆ ప్రణాళికను ఆయన వర్గం సొంతం చేసుకొంది. రామకృష్ణ సంఘానికి చెందిన ‘ప్రబుద్ధ భారత’ పత్రిక 1899 ఏప్రిల్ సంచికలో టాటా పథకాన్ని గట్టిగా సమర్థించింది. సిస్టర్ నివేదిత పాద్షాతో పరిచయం పెంచుకొని, ఇంగ్లండులో విద్యావేత్తల అభిప్రాయాలను పథకానికి అనుకూలంగా కూడగట్టే ప్రయత్నం చేసింది. వైజ్ఞానిక పరిశోధన పట్ల ఈ వర్గానికున్న శ్రద్ధ టాటా పథకంతో ఆగిపోలేదు. 1900లో పారిస్‌లో జగదీశ్ చంద్ర బోస్ తన పరిశోధనలను వివరించిన సందర్భంలో వివేకానందుడు ఆ నగరంలోనే ఉండి ఆయన విజయానికి పొంగిపోయాడు. తరువాతి ఏళ్లలో బోస్ గ్రంథ రచనకు నివేదిత అండగా నిలిచింది. 1917లో బోస్ స్థాపించిన పరిశోధనాలయానికి చిహ్నమైన వజ్రాయుధం నివేదిత మనసుకు దగ్గరైన త్యాగ సంకేతం.

సంస్థ రూపం: నిలిచినదీ జారినదీ

టాటా పథకం ప్రభుత్వ ద్వారం దగ్గర చాలా కాలం నిలబడవలసి వచ్చింది. 1898 డిసెంబరు 31న, బొంబాయిలో దిగిన మర్నాడే, లార్డ్ కర్జన్‌ను తాత్కాలిక సంఘం కలిసింది. తగిన విద్యార్థులు దొరుకుతారా, చదివిన తరువాత వారికి ఉద్యోగాలెక్కడ అన్నవి కర్జన్ సందేహాలు. ఈ ప్రశ్నలను టాటా లేఖతో కలిపి చదవడం అవసరం. పాలకుడికి పరిశోధకుడు ఉద్యోగార్థి. టాటా ఆశించిన పరిశోధకుడు ఉద్యోగాన్ని దాటి వచ్చినవాడు.

పాద్షా తొలి ప్రణాళికలో విజ్ఞాన, సాంకేతిక విభాగంతో పాటు వైద్యం, తత్త్వశాస్త్రం, విద్యాశాస్త్రం కూడా ఉన్నాయి. ఆర్గాన్ వాయువు ఆవిష్కర్తల్లో ఒకరైన విలియం రామ్సే 1900 చివర భారతదేశానికి వచ్చి పర్యటించి, బెంగళూరును అనువైన స్థలంగా సూచించాడు. 1901లో మాసన్, క్లిబ్బర్న్‌ల సంఘం పథకాన్ని మరింత కుదించింది. మైసూరు సంస్థానం 371 ఎకరాల భూమినీ, వార్షిక గ్రాంటునూ ఇవ్వడంతో బెంగళూరు ఖాయమైంది. 1904 మే 19న జర్మనీలో టాటా మరణించినా ఆయన కుమారులు మాట నిలబెట్టారు. 1909 మే 27న ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. 1911లో సాధారణ రసాయన, అనువర్తిత రసాయన, విద్యుత్ సాంకేతిక విభాగాలతో బోధన మొదలైంది.

వివేకానందుడు 1892లో బెంగళూరులో దివాను శేషాద్రి అయ్యరు ఇంట అతిథిగా ఉన్నాడు. మైసూరు మహారాజు ఆయన యాత్రకు సహాయం చేశాడు. ఈ పరిచయాల వల్లనే మైసూరు ముందుకు వచ్చిందని చెప్పాలన్న ఉత్సాహం కలగడం సహజం. పరిచయం వేరు, కారణం వేరు. బెంగళూరు ఎంపికకు రామ్సే సిఫార్సు, సంస్థానం ఇచ్చిన భూమి, ధనం చాలినంత వివరణ ఇస్తాయి.

తుదిరూపంలో మానవీయ శాస్త్రాలు లేవు. వైరాగ్యం ప్రసక్తి అసలే లేదు. జీవితాన్ని అర్పించే సాధకుల స్థానంలో వేతనం తీసుకొనే ఆచార్యులూ, ఉపకారవేతనం పొందే విద్యార్థులూ వచ్చారు. భారతీయుడైన సి.వి. రామన్ సంచాలకుడు కావడానికి 1933 వరకు ఆగవలసి వచ్చింది. సర్కార్ స్థాపించిన కలకత్తా సంఘం నుంచి టాటా సంకల్పించిన సంస్థకు ఆయన రావడం చరిత్రలో చెప్పుకోదగిన కలయిక. ఆ ఆలోచనకు మిగిలిన జాడలు రెండు. ఒకటి, పట్టాల పరీక్షలకు కాక పరిశోధనకు ప్రాధాన్యమిచ్చే నివాస సంస్థ అన్న రూపం. రెండవది, సంస్థకు తన పేరు పెట్టవద్దన్న టాటా నిశ్చయం. బెంగళూరు ప్రజలు దాన్ని టాటా ఇన్‌స్టిట్యూట్ అనే పిలిచారు. దాత విడిచిన పేరును జనం తిరిగి ఇచ్చారు.

తెలుగునాట సమాంతరాలు

ఇదే దశకంలో తెలుగునాట జరిగిన రెండు ప్రయత్నాలు ఈ చర్చకు వెలుగునిస్తాయి. ఇవి వివేకానంద – టాటా లేఖల ఫలితాలని చెప్పడం ఇక్కడ ఉద్దేశం కాదు. వంగదేశ స్వదేశీ ఉద్యమం ప్రసరించిన వాతావరణంలో 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. సాధారణ విద్యతో పాటు చేతిపనులకూ సాంకేతిక శిక్షణకూ అందులో చోటు దక్కింది. న్యాయవాద వృత్తికి అర్హత ఉండి కూడా దాన్ని కాదనుకొని కోపల్లె హనుమంతరావు తన జీవితాన్ని ఆ కళాశాలకు ధారపోశాడు. కాషాయం ధరించని ఈ వైరాగ్యం టాటా లేఖలోని ఊహకు ఆచరణ రూపంగా కనిపిస్తుంది.

రెండవది 1906లో కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో హైదరాబాదులో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి. చరిత్రతో పాటు ప్రకృతి శాస్త్రాలను తెలుగులో అందించడం దాని ధ్యేయం. బెంగళూరు సంస్థ విజ్ఞానం ఆంగ్లంలో సాగింది. టాటా లేఖలో భాష ప్రశ్నే లేదు. గ్లోబు పట్టుకొని పల్లెకు వెళ్లే సన్న్యాసి మాత్రం ఆ పల్లె భాషలోనే మాట్లాడక తప్పదు. ఈ దృష్టితో చూస్తే 1894 నాటి మైసూరు లేఖకు బెంగళూరు సంస్థ కంటే విజ్ఞాన చంద్రికా మండలి దగ్గరి చుట్టం.

ముగింపు

వివేకానందుడు భారతీయ పరిశ్రమకు పితామహుడనో, టాటాకు గురువనో చెప్పే కథనాలకు ఆధారం చాలదు. ఆయన ఇచ్చినది అంతకంటే చిన్నది, అంతకంటే స్పష్టమైనది: త్యాగాన్ని గౌరవించే సంప్రదాయాన్ని జ్ఞానోత్పత్తి వైపు మళ్లించవచ్చన్న సూచన. దాని విలువను గుర్తించినవాడు ధనమూ, ప్రణాళికా సిద్ధం చేసుకొన్న పారిశ్రామికవేత్త కావడం విశేషం. దాన్ని అమలు చేసే వ్యవస్థ పరాయి పాలకుల చేతిలో ఉండటం వల్ల భవనాలు నిలిచాయి, ఆ సూచన నిలవలేదు.

లేఖలు రాసినవారిద్దరూ సంస్థ ప్రారంభాన్ని చూడలేదు. వారిని కలిపిన ప్రశ్నకు మాత్రం కాలం చెల్లలేదు. ఉపకారవేతనం ఆగిన రోజున పరిశోధన కూడా ఆగిపోయే చోట, జ్ఞానాన్వేషణను జీవితవ్రతంగా స్వీకరించే మనిషిని సమాజం ఏ విధంగా పోషించాలి, ఏ విధంగా గౌరవించాలి అన్నది ఆ ప్రశ్న. 1898 నాటి లేఖను కీర్తనకు ఆధారంగా కాక, ఈ ప్రశ్నను సూటిగా అడిగిన పత్రంగా చదివినప్పుడే ఆ ఇద్దరి పరిచయానికి చరిత్రలో తగిన స్థానం దక్కుతుంది.